గజ్జల్లో హెర్నియా: ఆగాలా, కోయించుకోవాలా, బెజ్జాలు పెట్టించుకోవాలా?

"ఏటి బావు, కోసి చేయించుకోమంటావా, బెజ్జాలెట్టి చేయించుకోమంటావా?"

విశాఖపట్నం మద్దిలపాలెంలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి మోకాలి నొప్పికని వచ్చే ఒక పెద్దాయన, ఆ రోజు పని అయిపోయాక గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న ఇది. చేతిలో రెండు కాగితాలున్నాయి. రెండు చోట్ల చూపించుకున్నారు. ఒక చోట కోత ఆపరేషన్ అన్నారు, ఇంకో చోట లాపరోస్కోపీ, అంటే బెజ్జాలు పెట్టి కెమెరాతో చేసేది, అన్నారు. రెండింటి ఖర్చూ రాసి ఉంది. హెర్నియా అంటే పొట్ట గోడలో బలహీనమైన చోటినుంచి పేగు బయటికి ఉబ్బడం. అది ఎక్కడినుంచి వస్తోందో మాత్రం రెండు కాగితాల్లోనూ లేదు.

"మావయ్యా, ఏ దారిలోంచి పేగు కిందికి దిగుతోందని చెప్పారు?" అని అడిగాను.

"గజ్జలోంచి" అన్నారాయన.

గజ్జలో ఒక్క దారి కాదు, మూడున్నాయి. ఏ ఆపరేషన్ మంచిదన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం మీ వయసులో, మీ పనిలో, ఇంతకుముందు మీ పొత్తికడుపు మీద జరిగిన ఆపరేషన్లలో ఉంది. ఆపరేషన్ చేసేది నేను కాదు. చేయించుకున్నాక వచ్చేవాళ్లని మంచం మీంచి లేపడం, నడిపించడం, మళ్లీ బరువులెత్తేలా చేయడం నా పని. అన్ని రకాల ఆపరేషన్లు అయినవాళ్లూ నా బల్ల మీద పడుకున్నారు కాబట్టి, ఎవరికి ఏది నప్పిందో దగ్గరగా చూశాను. తుది మాట మీ సర్జన్‌దే. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు గోడ సంగతి

ఒకసారి నిలబడి రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకోండి. మీ వేళ్లు ఏటవాలుగా కిందికి, ముందుకి చూస్తున్నాయి కదా. పొట్ట పక్కభాగంలో అన్నిటికంటే పైన ఉండే కండరం పోగులు సరిగ్గా అలాగే నడుస్తాయి. దాని పేరు ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్. దాని కింద ఇంకో పొర, ఇంటర్నల్ ఆబ్లిక్. దాని పోగులు దీనికి అడ్డంగా, తుంటి దగ్గర మొదలై పైకి, ముందుకి పోతాయి. ఇంకా లోపల ట్రాన్స్‌వర్సస్ అనే మూడో పొర నడుముకి పంచె బిగించినట్టు అడ్డంగా చుట్టుకుని ఉంటుంది. నవారు మంచం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పట్టీలన్నీ ఒకే వైపు పోతే మంచం కుంగిపోతుంది, ఒకదానికొకటి అడ్డం పడితేనే బరువు మోస్తుంది. మన పొట్ట కూడా అదే పద్ధతిలో అల్లినది. ముందువైపు, ఛాతీ నుంచి కింద జఘనం ఎముక (పొత్తికడుపు కింద, మర్మాంగం పైన వేలికి తగిలే ఎముక) దాకా నిలువుగా రెండు పట్టీలు, రెక్టస్ కండరాలు. కుర్రాళ్లు జిమ్‌లో తెచ్చుకునే సిక్స్ ప్యాక్ ఇదే.

మరి ఇంత గట్టి అల్లికలో బెజ్జం ఎలా పడింది?

కండ పొట్టంతా ఒకేలా ఉండదు. గజ్జ దగ్గరికి వచ్చేసరికి పై పొరలో ఎర్రటి కండ అయిపోతుంది, తెల్లటి దళసరి పట్టా మాత్రమే మిగులుతుంది. తుంటి ముందు వేలికి తగిలే ఎముక మొన నుంచి జఘనం ఎముక మీది చిన్న బుడిపె దాకా ఆ పట్టా కింది అంచు లోపలికి మడత పడి తాడులా బిగుస్తుంది. దాన్ని ఇంగ్వైనల్ లిగమెంట్ అంటారు. గజ్జ మడత కింద ఉండేది అదే. ఆ తాడుకి సరిగ్గా సగంలో, ఒకటింపావు సెంటీమీటరు పైన, లోపలి పొరలో ఒక ద్వారం ఉంటుంది. అక్కడినుంచి ఏటవాలుగా సుమారు 4 సెంటీమీటర్ల సొరంగం నడిచి, జఘనం ఎముక దగ్గర పైపొరలో ఇంకో ద్వారంలోంచి బయటికొస్తుంది. ఈ సొరంగమే ఇంగ్వైనల్ కెనాల్.

ఆ దారి ప్రకృతి ఊరికే పెట్టలేదు. మగబిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణాలు ముందు మూత్రపిండాల దగ్గర తయారవుతాయి. పుట్టేలోపు ఈ దారినే కిందికి దిగుతాయి. దిగుతూ వెంట రక్తనాళాలనీ, వీర్యనాళాన్నీ, కడుపు లోపలి పొరలోంచి ఒక సంచినీ లాక్కొస్తాయి. ఆ సంచి తర్వాత మూసుకుపోవాలి. కొందరిలో మూసుకోదు. ఆడవాళ్లలో ఈ సొరంగంలోంచి గర్భాశయాన్ని పట్టి ఉంచే సన్నటి బంధనం ఒక్కటే పోతుంది కాబట్టి దారి ఇరుకు. అందుకే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జ హెర్నియా వచ్చే అవకాశం మగవాళ్లలో నూటికి 27 మందికి అయితే, ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి అని లెక్క చెబుతారు.

దగ్గినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే శరీరం మీద గౌరవం పెరుగుతుంది. ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్ కింది పోగులు ఆ సొరంగం మీద కమానులా వంగి ఉంటాయి. దగ్గగానే అవి బిగిసి, దుకాణం షట్టర్ దించినట్టు కిందికొచ్చి దారి మూస్తాయి. ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, మూత్రానికి ముక్కాల్సి రావడం, వయసుతో పొర పలచబడటం, ఇవన్నీ కలిసి ఆ షట్టర్‌ని ఓడిస్తాయి.

ఇప్పుడు మూడు దారులు. పొత్తికడుపు గోడ లోపలివైపు ఒక రక్తనాళం నిలువుగా పైకి పోతుంది, ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ఆర్టరీ. దానికి బయటివైపు ఉన్న లోపలి ద్వారంలోంచి సొరంగం గుండా దిగేది ఇన్‌డైరెక్ట్ హెర్నియా. బుడ్డలోకి దిగేది ఎక్కువగా ఇదే. ఆ నాళానికి లోపలివైపు, గోడ వెనకభాగమే పలచబడి ఉబ్బి ముందుకొచ్చేది డైరెక్ట్ హెర్నియా. వయసైన మగవాళ్లలో ఎక్కువ. మూడోది ఆ తాడుకి కింద, తొడలోకి పోయే రక్తనాళాల పక్క సందులోంచి వచ్చే ఫెమొరల్ హెర్నియా. ఇది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సందు చుట్టూ ఎముక, బిగుసైన తాళ్లు ఉన్నందువల్ల పేగు ఇరుక్కుపోయే ప్రమాదం దీనికే ఎక్కువ.

ఫ్రెంచి సర్జన్ ఆన్రీ ఫ్రుషో 1956లో ఒక మాట చెప్పాడు. బయటినుంచి చూస్తే మూడు వేర్వేరు బెజ్జాలు, లోపలినుంచి చూస్తే మూడూ ఒకే బలహీనమైన కిటికీలో ఉన్నాయి అని. ఈ ఒక్క మాట పట్టుకుంటే, ముందునుంచి అతుకు వేయడానికీ వెనకనుంచి వేయడానికీ తేడా మీకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆగొచ్చా?

మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు మోసేవారు. ఆయన హెర్నియా నాకు బడి రోజుల నుంచీ తెలుసు, ఆ పేరు మాత్రం తెలీదు. తెల్లవారుజామున చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, కుడి అరచేత్తో గజ్జ మీద మెల్లగా ఒత్తేవారు. బుడగ నీళ్లలో మునిగినట్టు చిన్న చప్పుడుతో వాపు లోపలికి పోయేది. లేవకముందే బెల్టు కట్టేసుకునేవారు. ఆ బెల్టు అమ్మినవాళ్లు, కట్టుకుంటూ ఉంటే బెజ్జం దానంతటదే పూడిపోతుందని చెప్పారట. నాన్న నమ్మారు. పన్నెండేళ్లు కట్టారు. చెమటకి బెల్టు కింద చర్మం నల్లబడి గట్టిపడిపోయింది.

ఒక రాత్రి భోజనం చేశాక వాపు లోపలికి పోలేదు. గ్యాస్ అన్నారు. జీలకర్ర నీళ్లు తాగారు. ఒంటిగంటకి వాంతి అయింది. నేను చెయ్యి పెట్టి చూస్తే పచ్చి నిమ్మకాయంత గట్టిగా ఉంది, ముట్టుకోనివ్వలేదు. ఆటోలో క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. పేగు బతికే ఉంది, తియ్యాల్సిన అవసరం రాలేదు. అది మా అదృష్టం. అప్పుడు నేను ఫిజియోథెరపీ రెండో సంవత్సరం. ఇంగ్వైనల్ కెనాల్ గోడలు నాలుగూ అప్పజెప్పి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో నాన్న నడుముకున్న బెల్టు గురించి ఒక్క మాట అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే బెల్టు గురించి సూటిగా చెబుతాను. బెల్టు బెజ్జాన్ని మూయదు. ఆపరేషన్‌కి శరీరం తట్టుకోలేని మనిషికి, డాక్టరు చెబితే, కొన్నాళ్ల ఊరట కోసం వాడొచ్చు. అంతే. వాపు పూర్తిగా లోపలికి పోకుండా పైన బెల్టు బిగిస్తే పేగుని నలిపినట్టే. పొట్ట ఎక్సర్‌సైజులు కూడా అంతే. కండని బలపరచగలను, చిరిగిన పొరని నా వ్యాయామంతో కుట్టలేను.

ఇంత చెప్పాక కూడా, ప్రతి హెర్నియాకీ రేపే ఆపరేషన్ అని నేను అనను. అమెరికాలో 720 మంది మగవాళ్ల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది. నొప్పి లేనివాళ్లు, ఉన్నా కొద్దిగానే ఉన్నవాళ్లు. సగం మందికి ఆపరేషన్, సగం మందిని కనిపెట్టి చూడటం. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆగినవాళ్లలో హఠాత్తుగా ఇరుక్కుపోయి ఎమర్జెన్సీ అయినది వెయ్యిమందికి ఏడాదికి ఇద్దరి లోపే. అంటే ఆగడం వల్ల ప్రాణం మీదికి రావడం అరుదు. అయితే రెండేళ్లలో సుమారు పావు వంతు మంది, పదేళ్లలో నూటికి 68 మంది, ఎక్కువగా నొప్పి పెరిగి, చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే చాలామందికి ఆగడం అంటే వాయిదా వేయడమే.

కాబట్టి ఎనభై ఏళ్ల మనిషి, గుండె బలహీనం, చిన్న వాపు, పడుకోగానే పోతోంది, నొప్పి లేదు: ఇలాంటివాళ్లు ఆగితే తప్పులేదు. బరువులు మోసేవాళ్లు, నొప్పి ఉన్నవాళ్లు, బుడ్డలోకి దిగినవాళ్లు, వాపు లోపలికి పోవడం కష్టమవుతున్నవాళ్లు ఆగకూడదు. నా సొంత అభిప్రాయం ఇంకొకటి: రోజుల తరబడి సముద్రం మీద ఉండే బోటు మనుషులు నొప్పి లేకపోయినా ఆగకూడదు. ఆ పరిశీలనలో ఉన్నవాళ్లకి ఆస్పత్రి అందుబాటులో ఉంది. ఒడ్డు కనబడని చోట పేగు ఇరుక్కుంటే థియేటర్ ఎక్కడుంది? ఆడవాళ్ల సంగతి వేరే. వాళ్లకి ఫెమొరల్ అయ్యే అవకాశం ఉంది, పైనుంచి తడిమి చూస్తే తేల్చడం కష్టం. గజ్జలో బిళ్ల కట్టిందని పసుపు పట్టు వేసి ఊరుకునే అమ్మలూ అత్తలూ మన ఇళ్లలో చాలామంది. ఆ బిళ్ల హెర్నియా కాదని తేలేదాకా వదలొద్దు. హెర్నియానే అయితే వాళ్ల విషయంలో కనిపెట్టి చూడటం అనే దారి లేదనే అనుకోండి.

వాపు గట్టిపడి, ఎర్రబడి, లోపలికి పోకుండా, వాంతులు మొదలైతే, లేదా గ్యాసూ విరోచనమూ ఆగిపోతే, అది ఎంచుకునే సమయం కాదు. బలవంతంగా తొయ్యకుండా, ఏమీ తినకుండా, తాగకుండా, దగ్గరున్న పెద్దాస్పత్రి క్యాజువాలిటీకి. అది ఏ అర్ధరాత్రి అయినా సరే.

ముందునుంచా, వెనకనుంచా?

జనం అడిగేది కోతా, బెజ్జాలా అని. నేనైతే అతుకు గోడకి ముందా, వెనకా అని అడుగుతాను.

కోత ఆపరేషన్‌లో గజ్జ మడతకి కాస్త పైన ఐదారు సెంటీమీటర్లు కోసి, సొరంగం పైకప్పు తెరిచి, దిగిన సంచిని లోపలికి పంపి, సొరంగం నేల మీద మెష్, అంటే సన్నటి ప్లాస్టిక్ జాలీ, పరుస్తారు. మన హార్బర్ వాళ్లు దీన్ని వల వేశారంటారు. నాకు ఆ మాటే నచ్చుతుంది. లాస్ ఏంజెలెస్‌లో లిక్టెన్‌స్టైన్ అనే సర్జన్ 1984లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ ప్రపంచమంతా చేసే కోత ఆపరేషన్ ఇదే. దీని గొప్ప గుణం, గజ్జ వరకూ తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి చేసేయొచ్చు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి ఇది వరం. మన దగ్గర ఎక్కువగా వెన్నులో మత్తు ఇచ్చి చేస్తారు. అదీ మంచిదే గాని, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకి ఆ తర్వాత మూత్రం ఆగిపోవచ్చు. ముందే చెప్పి ఉంచండి.

దీనికి లోటు రెండు. ఆ దారిలో మూడు సన్నటి నరాలున్నాయి. అవి దెబ్బతిన్నా, మచ్చలో చిక్కుకున్నా, గజ్జలోనో తొడ లోపలివైపో మంట, తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు. ఏ పద్ధతిలో చేసినా గజ్జ ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి పది, పన్నెండు మందికి మూడు నెలలు దాటాక కూడా ఎంతోకొంత నొప్పి ఉంటుందని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాలంతో అది తగ్గుతుంది. రోజువారీ పనిని ఆపేంత నొప్పి మిగిలేది కొద్దిమందికే. ఇక రెండో లోటు, ఈ వల పై రెండు దారుల్నే కప్పుతుంది. తాడు కింద ఉన్న ఫెమొరల్ సందు అలాగే ఉంటుంది. ఆడవాళ్లకి లాపరోస్కోపీ మేలు అనడానికి అసలు కారణం ఇదే, మచ్చ కనబడకూడదని కాదు.

లాపరోస్కోపీలో మూడు చిన్న బెజ్జాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి, గోడకి వెనకవైపు, కండరాలకీ కడుపు లోపలి పొరకీ మధ్య వల పరుస్తారు. కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు. ఫ్రుషో చెప్పిన కిటికీ మొత్తం కప్పుకుంటుంది. బక్కెట్‌కి చిల్లు పడితే అతుకు బయట వేస్తే నీళ్లు దాన్ని తోసేస్తాయి, లోపల వేస్తే అదే నీళ్లు దాన్ని అదిమి పడతాయి. వెనక వేసిన వలకి మన దగ్గూ, తుమ్మూ, పొట్ట లోపలి ఒత్తిడీ అలాగే సాయం చేస్తాయి. టీఈపీ, టీఏపీపీ అని రెండు రకాలు చెబుతారు. ఒకటి కడుపులోకి వెళ్లకుండా గోడ పొరల మధ్యనే చేసేది, ఇంకోటి కడుపులోకి వెళ్లి పొర తెరిచి చేసేది. ఆ ఎంపిక సర్జన్‌కి వదిలేయండి. ఆయనకి ఏది బాగా అలవాటో అదే మీకు మంచిది.

నా బల్ల మీద కనబడే తేడా ఇది. కోత అయినవాళ్లు మొదటి వారం మంచం మీంచి లేచేటప్పుడు చెయ్యి గజ్జ మీదికి పోతుంది. పక్కకి తిరిగి, మోచెయ్యి ఆనించి, కాళ్లు కిందికి దించి లేవడం నేర్పిస్తాను. లాపరోస్కోపీ అయినవాళ్లు తొందరగా తిరుగుతారు, పనికి కూడా ముందే పోతారు. రోజుకూలీ మీద బతికే ఇంటికి ఆ కొన్ని రోజులు తక్కువ విషయం కాదు. వీళ్లలో కొందరికి రెండో వారంలో గజ్జలో మళ్లీ వాపు కనబడి టెన్షన్ పడిపోతారు. సంచి ఉన్న చోట నీరు చేరడం వల్ల వచ్చే వాపు అది, చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. పడుకుంటే లోపలికి పోదు, దగ్గితే ఉబ్బదు. దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. అయినా ఒకసారి చూపించుకోండి.

మరి లాపరోస్కోపీ అందరికీ ఎందుకు చెయ్యకూడదు? మామూలుగా పూర్తి మత్తు కావాలి. ఇంతకుముందు పొత్తికడుపు కోసి ప్రోస్టేటో, మూత్రాశయమో ఆపరేషన్ అయి ఉంటే ఆ పొరలు అతుక్కుపోయి ఉంటాయి, వెనక దారి కష్టం. అన్నిటికంటే ముఖ్యం, ఇది నేర్చుకోవడానికి చాలాకాలం పట్టే పని. 50 నుంచి 100 ఆపరేషన్లు చేస్తే గాని చెయ్యి తిరగదని అంటారు. చేయి తిరగని లాపరోస్కోపీ కంటే చేయి తిరిగిన కోత ఆపరేషన్ నూరు రెట్లు నయం. "సార్, ఇలాంటివి మీరు ఎన్ని చేశారు?" అని అడగడానికి మొహమాటపడకండి. మంచి సర్జన్ దానికి నొచ్చుకోడు.

రెండు వైపులా హెర్నియా ఉంటే వెనక దారి మేలు, అవే బెజ్జాల్లోంచి రెండూ అయిపోతాయి. కోత ఆపరేషన్ అయ్యాక హెర్నియా మళ్లీ వస్తే, ఈసారి వెనకనుంచి. లాపరోస్కోపీ అయ్యాక వస్తే, ముందునుంచి. పాత మచ్చ జోలికి పోకుండా ముట్టని పొరలో పని చేయడం కోసం ఇలా. రోబోతో చేసేది కూడా ఇదే వెనక దారి, ఖర్చు ఎక్కువ. మామూలు గజ్జ హెర్నియాకి అంత ఖర్చు నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఆటోల వెనక కనబడే "లేజర్ హెర్నియా" సంగతి కూడా చెప్పాలి. లేజర్‌తో ఈ బెజ్జం పూడదు. ఆ మాట చెప్పినవాళ్లని అసలు ఏ ఆపరేషన్ చేస్తారో కాగితం మీద రాసివ్వమనండి.

వల వద్దనుకుంటే?

"ఒంట్లో ప్లాస్టిక్ పెట్టుకోవడమా?" ఈ భయం చాలామందికి ఉంది. వల లేని రోజుల్లో ఏం జరిగిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1880లలో ఇటలీలో బస్సీని అనే సర్జన్ ఈ సొరంగాన్ని పొరపొరగా విప్పి, కండని కిందికి లాగి తాడుకి కుట్టడం మొదలుపెట్టాడు. నూరేళ్ల పాటు లోకం ఆ దారినే నడిచింది. కానీ చాలని బట్టని లాగి కుట్టినట్టు, ఆ కుట్టు ఎప్పుడూ బిగుతుగానే ఉండేది. అందుకే హెర్నియాలు మళ్లీ మళ్లీ వచ్చేవి. వల వచ్చాక లాగాల్సిన పని లేకుండా పోయింది.

వల లేకుండా చేసేవాటిలో కెనడాలోని షోల్డైస్ పద్ధతికి మంచి పేరుంది. పుణెకి చెందిన డాక్టర్ దేశార్దా, పై పొర పట్టాలోంచే ఒక పట్టీ తీసి వెనక గోడకి అతుకుగా కుట్టే పద్ధతి కనిపెట్టారు. 2001లో ప్రచురించారు. మీ ఒంటి పొరే మీకు వల అన్నమాట. కండ, పొర గట్టిగా ఉన్న కుర్రాళ్లకి, వల అస్సలు వద్దనుకునేవాళ్లకి ఇవి ఆలోచించదగ్గవే. ఒక్క షరతు, ఆ పద్ధతి నిజంగా తరచూ చేసే సర్జన్ దొరకాలి. పొర పలచబడిన పెద్దవాళ్లకి నేనైతే వలే మంచిదంటాను. అతుకు వేయాల్సిన బట్టే నలిగిపోయి ఉంటే దాంతోనే అతుకు వేయడం ఎలా?

ఇక ఏ కంపెనీ వల అనే బేరం. ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద జరిగిన పరిశీలన ఒకటి 2016లో వచ్చింది. సగం మందికి ఖరీదైన మెష్, సగం మందికి శుద్ధి చేసిన దోమతెర గుడ్డ వేశారు. ఏడాది తర్వాత చూస్తే మళ్లీ హెర్నియా రావడంలో పెద్ద తేడా లేదు. మామూలు పాలీప్రొపిలీన్ మెష్ చాలామందికి సరిపోతుంది. డబ్బు చాలకపోతే మెష్ ధర దగ్గర తగ్గండి, సర్జన్ అనుభవం దగ్గర తగ్గకండి.

చిన్నపిల్లలకి వల అక్కర్లేదు. వాళ్లకి మూసుకోని సంచిని కట్టేస్తే చాలు. కాకపోతే పిల్లల హెర్నియాని, ముఖ్యంగా పసికందులది, పెద్దయ్యాక చూద్దామని ఆపకూడదు.

అసలది హెర్నియానేనా?

ఏయూ గ్రౌండ్‌లో ఆడే కుర్రాళ్లు, తెల్లవారుజామున ఆర్‌కే బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్లు గజ్జ నొప్పితో నా దగ్గరికి వస్తారు. వాపు ఉండదు. స్కానింగ్‌లో "చిన్న హెర్నియా" అని రాసి ఉంటుంది. ఇక భయం. రెక్టస్ కండరం కింది కొనా, తొడ లోపలి అడక్టర్ కండరం పై కొనా జఘనం ఎముక ముందు ఒకే పొరలో కలిసిపోతాయి. పరిగెత్తేటప్పుడు ఒకటి పైకి, ఇంకోటి కిందికి లాగుతాయి. నొప్పి ఎక్కువసార్లు అక్కడే. వెల్లకిలా పడుకుని, మోకాళ్ల మధ్య పిడికిలి పెట్టుకుని గట్టిగా నొక్కండి. అదే నొప్పి తొడ లోపలి మొదట్లో వస్తే అడక్టర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. దీనికి కత్తి వద్దు. సరైన వ్యాయామం ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. విసుగ్గా ఉంటుంది, కానీ చాలామంది మళ్లీ గ్రౌండ్‌లోకి దిగుతారు. చేతికి వాపు తగలకుండా, స్కానింగ్ కాగితం ఒక్కటే చూసి ఆపరేషన్‌కి ఒప్పుకోకండి.

మన వైపు ఇంకో తికమక, వరిబీజం. ఫైలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి బుడ్డ వాచిన ప్రతిదీ అదే అనుకుంటారు. వాపుకి పైన రెండు వేళ్లతో పట్టుకుంటే అక్కడ సన్నగా తాడులా తగిలి, వాపు కిందే ఆగిపోతే వరిబీజం అనుకోవచ్చు. వాపు గజ్జ లోపలికి సాగిపోయి వేళ్లకి పై అంచు దొరక్కపోతే హెర్నియా. రెండూ కలిసి ఉన్నవాళ్లనీ చూశాను.

ఖర్చూ, తేదీ

ఖర్చు దగ్గర ఎక్కువ చెప్పను. రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వస్తుందో ముందే అడగండి. పోర్టు, స్టీల్ ప్లాంట్, రైల్వే కుటుంబాలకి సొంత ఆస్పత్రులున్నాయి. కేజీహెచ్ ఉండనే ఉంది, ఆంధ్ర మెడికల్ కాలేజీ పెద్ద డాక్టర్లు చూసే చోటు.

తేదీ మాత్రం ఆలోచించి పెట్టుకోండి. హార్బర్ మనుషులకి నేను ఎప్పుడూ చెప్పేది వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. మొదటి వారంలోనే చేయించుకుంటే, బోట్లు మళ్లీ కదిలేసరికి వల లాగే బలం వచ్చేస్తుంది. నడక అదే రోజు సాయంత్రం నుంచి. ఇంటి పనులు, మెట్లు, నొప్పి ఎంత ఒప్పుకుంటే అంత. ఐసు దిమ్మలు, సిమెంటు బస్తాల లాంటి బరువులకి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటాను. ఒకాయన సింహాచలం గిరిప్రదక్షిణ ఆపనని పట్టుబట్టారు. 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి ఆరు వారాల ముందు తేదీ తీసుకుని, రోజూ కాస్త పెంచుకుంటూ నడిచారు. పూర్తి చేసి ప్రసాదం తెచ్చి ఇచ్చారు. ఆపరేషన్‌కి ముందే దగ్గు తగ్గించుకోండి, మలబద్ధకం సరిచేసుకోండి, చుట్టా బీడీ మానండి. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఇవి లేకపోతే కొత్త అతుకు మీద పాత బరువే పడుతుంది.

ఆ పెద్దాయన సంగతి చెప్పలేదు కదా. కాగితాలు పక్కన పెట్టి, పొట్ట చూపించమన్నాను. బొడ్డు కింద నిలువుగా పాత మచ్చ. పదేళ్ల కింద కోసి ప్రోస్టేట్ తీశారట. రెండు చోట్లా ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. "ఈ మచ్చ చూపించి మళ్లీ అడగండి మావయ్యా, ముందునుంచా వెనకనుంచా అని" అన్నాను. చూపించారు. డైరెక్ట్ హెర్నియా, కుడివైపు ఒక్కటే. ముందునుంచే, గజ్జ వరకూ తిమ్మిరి ఇంజెక్షన్‌తో చేశారు. మర్నాడు ఇంటికెళ్లిపోయారు.

ఇంకొక్కటి, అందరూ మర్చిపోయేది. పడుకుంటే వాపు లోపలికి పోతుంది, థియేటర్ బల్ల మీద రెండు గజ్జలూ ఒకేలా కనబడతాయి. కాబట్టి ఆపరేషన్ రోజు పొద్దున్న, మీరు నిలబడి దగ్గి చూపించి, ఏ వైపో సర్జన్ చేతే చర్మం మీద పెన్నుతో గుర్తు వేయించుకోండి.